గుర్రం, కాలిబాట, ఎకరం నేల: శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఏ ఊరు చూసుకోవాలి?

మా అమ్మాయికి తొమ్మిదో ఏట గుర్రాల పిచ్చి పట్టింది. ఇది కూడా పియానోలాగే ఆరు నెలల ముచ్చట అనుకున్నాం. మూడేళ్ళయింది, ఇంకా వదల్లేదు. దాంతో ఆదివారం మధ్యాహ్నాలు కొండల్లో ఓపెన్ హౌస్‌లు చూస్తూ తిరగడం మాకు అలవాటైపోయింది. కొనే స్తోమత సంగతి తర్వాత, చూడటానికి టికెట్ లేదు కదా.

సన్నీవేల్, క్యూపర్టినోల్లో ఉంటూ స్టాకు కాస్త చేతికొచ్చిన స్నేహితులు కొందరు ఇప్పుడు నన్నే అడుగుతున్నారు. వెనకే కొండబాట, పక్కన లాయం, ఎకరం నేల ఉన్న ఊరు కావాలి, వుడ్‌సైడ్ మంచిదా, పోర్టోలా వ్యాలీనా, లాస్ ఆల్టోస్ హిల్సా అని. ఈ మూడింటికి నేను శాన్ మార్టిన్‌ని కూడా కలుపుతాను. అది ఎవరి లిస్టులోనూ ఉండదు, కానీ ఉండాలి.

బ్రోచర్లన్నీ వ్యూ గురించి, ప్రైవసీ గురించి రాస్తాయి. నా లెక్కలో అసలు ప్రశ్నలు రెండే. మీ గేటు నుంచి బాట దాకా గుర్రం ట్రైలర్ ఎక్కకుండా వెళ్ళగలదా? రోజూ పొద్దున ఆరింటికి లద్దె ఎత్తేదెవరు? ఈ రెండింటికీ ఇంట్లో అందరూ ఒకే జవాబు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఊరి పేరుకంటే ముందు చూడాల్సినవి

*చదును నేల.* ఎకరాల లెక్క చూసి మురిసిపోకండి. ఒకసారి మేం చూసిన ఇల్లు ఒకటిన్నర ఎకరం, కాగితం మీద "హార్స్ ప్రాపర్టీ" అని ఉంది. వెళ్ళి చూస్తే ఇల్లు, డ్రైవ్‌వే పోగా మిగిలిందంతా ఏటవాలు. ఒక్కచోట మాత్రం పచ్చగా, బల్ల పరిచినట్టు ఉంది. మా అమ్మాయి పరుగెత్తుకెళ్ళి అడుగులు కొలిచింది. "నాన్నా, ఇక్కడ ప్యాడక్!" అంది, అంటే గుర్రం తిరిగే కంచె స్థలం. డిస్‌క్లోజర్ కాగితాలు తిరగేస్తే అది సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే చోటు, అంటే లీచ్ ఫీల్డ్. దాని మీద గుర్రాన్ని తిప్పకూడదు. అర టన్ను బరువు రోజూ తొక్కితే మట్టి గట్టిపడుతుంది, నీళ్ళు ఇంకవు, పైపులు దెబ్బతింటాయి. అంత పచ్చగా ఎందుకుందో అప్పుడర్థమైంది. ఏజెంటుకు ఈ సంగతి తెలియదో, తెలిసీ చెప్పలేదో నాకు తెలియదు. అప్పట్నుంచి నేను మొదట అడిగేది సెప్టిక్ మ్యాపే.

*గుర్రం లెక్క.* అర టన్ను గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి తింటుంది, ఇరవై నుంచి నలభై లీటర్ల నీళ్ళు తాగుతుంది, ఇరవై కిలోలకు పైగా లద్దె వేస్తుంది. పైగా అది మంద జంతువు, ఒంటరిగా ఉంచితే బెంగ పెట్టుకుంటుంది. కాబట్టి మీ బడ్జెట్‌లో ఒక గుర్రం అంటే నిజానికి రెండు, లేదా గుర్రం ప్లస్ మేక. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆరు వారాలకోసారి గిట్టలు కోసి లాడాలు మార్చేవాళ్ళు రావాలి, వెటర్నరీ డాక్టరు ఇంటికే రావాలి. ఇవి ఊరిని బట్టి పెద్దగా మారవు గనుక మళ్ళీ ఎత్తను.

*నిప్పు, ఇన్సూరెన్స్.* ఇవాళ ఈ కొండల్లో బేరాలు చెడగొడుతున్నది ఇదే. 2023 మేలో స్టేట్ ఫామ్ బీమా కంపెనీ కాలిఫోర్నియాలో కొత్త ఇళ్ళ పాలసీలు ఆపేసింది, ఇంకొన్ని కంపెనీలూ వెనక్కి తగ్గాయి. ఎవరూ ఇవ్వకపోతే చివరికి మిగిలేది ఫెయిర్ ప్లాన్. దాంట్లో కవరేజీ తక్కువ, అందుకని పైన ఇంకో పాలసీ తీసుకోవాల్సి వస్తుంది. 2025లో రాష్ట్రం అగ్ని ప్రమాద మ్యాపులను కొత్తగా విడుదల చేసింది. ఆఫర్ పెట్టేముందు ఆ అడ్రసు ఏ రంగులో ఉందో చూసుకోండి, ఇన్సూరెన్స్ కోట్ చేతికొచ్చాకే సంతకం పెట్టండి. గుర్రాలుంటే ఇంకో చిక్కు. 2020 ఆగస్టులో పిడుగులకు అంటుకున్న, సీజెడ్‌యూ అని పేరుపెట్టిన మంటలు శాంటాక్రూజ్, శాన్ మటేయో కొండల్లో 86 వేల ఎకరాలు తగలబెట్టాయి. అలాంటి రోజున పిల్లల్ని కార్లో వేసుకుని పోవచ్చు. గుర్రాన్ని ట్రైలర్ ఎక్కించాలంటే అది ముందే ఎక్కడం నేర్చుకుని ఉండాలి, ట్రైలర్ తిరగడానికి రోడ్డు సరిపోవాలి.

*కరెంటు, నీళ్ళు.* గాలులప్పుడు ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు. 2019 అక్టోబర్‌లో ఎలా ఉండిందో గుర్తుండే ఉంటుంది. బోరు ఉన్న ఇంట్లో కరెంటు పోతే మోటారు తిరగదు, నీళ్ళు రావు. ఇద్దరు పిల్లలు, రెండు గుర్రాలు, నీళ్ళు లేవు. జనరేటర్ ఖర్చు కూడా ఇంటి ధరలో భాగమే అనుకోండి.

*బడి, ఆఫీసు దూరం.* మనవాళ్ళు మొదట అడిగేది ఇదే కాబట్టి ఒక్కో ఊరి దగ్గర చెప్తాను.

| | వుడ్‌సైడ్ | పోర్టోలా వ్యాలీ | లాస్ ఆల్టోస్ హిల్స్ | శాన్ మార్టిన్ |
|---|---|---|---|---|
| ఎవరి పాలన | సొంత టౌన్, 1956 నుంచి | సొంత టౌన్, 1964 నుంచి | సొంత టౌన్, 1956 నుంచి | టౌన్ లేదు, నేరుగా శాంటా క్లారా కౌంటీ |
| జనం (2020) | సుమారు 5,300 | సుమారు 4,450 | సుమారు 8,500 | ఊరికంటే పొలాలే ఎక్కువ |
| గుర్రపు సంస్కృతి | ఊరి ప్రాణం | ఉంది, నెమ్మదైనది | ఉంది, బాటల్లో కనిపిస్తుంది | పనిచేసే రాంచ్‌ల తరహా |
| ఇంటి నుంచే బాట | చాలాచోట్ల | చాలాచోట్ల | దాదాపు అంతటా | తక్కువ, ట్రైలర్ కావాలి |
| చదును నేల | లోయలో బాగానే | పరిమితం | తక్కువ | పుష్కలం |
| పెద్ద తలనొప్పి | పర్మిట్లు, నిప్పు | భూకంప పగులు, నిప్పు | వాలు లెక్కలు, ధర | బోరు నీళ్ళు, ప్రయాణం |

వుడ్‌సైడ్

గుర్రమే ముఖ్యమైతే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. రోడ్డు పక్కన కాలిబాటలో కార్లతో సమానంగా గుర్రాలు నడుస్తుంటాయి, డ్రైవర్లు నిజంగానే ఆగుతారు. ఏటా అక్టోబర్‌లో డే ఆఫ్ ద హార్స్ జరుపుతారు. లోయలో చదును స్థలాలున్నాయి, పాత తెల్లకంచెలు, పాత లాయాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

ఊరికి ఆనుకునే రెండు కౌంటీ పార్కులున్నాయి, హడార్ట్, వండర్లిచ్. వండర్లిచ్ 942 ఎకరాలు. కాఫీ వ్యాపారం చేసిన ఫోల్జర్ కుటుంబం 1905లో కట్టిన లాయం అక్కడ ఇంకా నిలబడి ఉంది, గుర్రాలు ఇంకా అందులో ఉంటున్నాయి. రెడ్‌వుడ్ చెట్ల నీడలో వంపులు తిరుగుతూ పైకి వెళ్ళే బాటలవి. సైకిళ్ళను రానివ్వరు. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఇది చాలా పెద్ద విషయం. మలుపులో చప్పుడు లేకుండా దూసుకొచ్చే మౌంటెన్ బైకును చూసి బెదరని గుర్రం అరుదు.

మరి ఇబ్బందులు? ఇంట్లో గుర్రం ఉంచాలంటే టౌన్ నుంచి స్టేబుల్ పర్మిట్ తీసుకోవాలి. లద్దె వాగుల్లోకి కొట్టుకుపోకుండా ఎలా నిల్వ చేస్తారో, ఎలా పంపిస్తారో చెప్పాలి. ఇది న్యాయమే. కానీ ఏది కట్టాలన్నా, ఏది మార్చాలన్నా ఓపిక కావాలి. ఈ ఊరికి మార్పంటే ఎంత బెరుకో ఒక సంగతి చెప్తే చాలు. ఒక స్థలంలో రెండిళ్ళు కట్టుకోవచ్చని రాష్ట్రం చట్టం తెస్తే, 2022 మొదట్లో టౌన్ అధికారులు ఊరంతా పర్వత సింహాల ఆవాసం కాబట్టి మాకు వర్తించదన్నారు. దేశమంతా నవ్వింది. రాష్ట్ర అటార్నీ జనరల్ కళ్ళెర్రజేశాక వెనక్కి తీసుకున్నారు. సింహాలున్నమాట అబద్ధమేమీ కాదు లెండి, సందెవేళ మేకను బయట వదలొద్దు.

బడి సంగతి: వుడ్‌సైడ్ ఎలిమెంటరీ జిల్లాలో ఉన్నది ఒకే బడి, ఎనిమిదో తరగతి వరకు. ఊళ్ళో ఇళ్ళన్నీ ఆ జిల్లాలోకి రావు, అడ్రసు పెట్టి చూసుకోవాలి. తర్వాత వుడ్‌సైడ్ హై. ప్రైవేటుకు పంపేవాళ్ళు ఎక్కువే. ఐఐటీ కోచింగ్ వాతావరణం కోరుకునే తల్లిదండ్రులకు ఇక్కడ తోచదు. కొందరు పిల్లలకు అదే మేలు కావచ్చు.

పోర్టోలా వ్యాలీ

నాకు వ్యక్తిగతంగా నచ్చిన ఊరు ఇది. నేను గుర్రం ఎక్కను, నడుస్తాను. నడిచేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పోర్టోలా రోడ్డు పక్కన పార్క్ చేసి విండీ హిల్ ఎక్కితే ఒకవైపు బే, ఇంకోవైపు పసిఫిక్ కనిపిస్తాయి. పైన గాలికి టోపీ ఆగదు, పేరు పెట్టినవాళ్ళు నిజాయితీపరులు. టౌన్ సొంతంగా నడిపే బాటలు ఇళ్ళ మధ్య నుంచే వెళ్తాయి. వానాకాలంలో బురద తేరుకునేదాకా కొన్ని కొండబాటలను గుర్రాలకు మూసేస్తారు, అది గుర్తుపెట్టుకోండి.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇక్కడ ఒక తీర్థస్థలం కూడా ఉంది. ఆల్పైన్ రోడ్డు మీద ఆల్పైన్ ఇన్ అని 1850ల నాటి బీరు పాక. 1976 ఆగస్టులో ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థ ఇంజనీర్లు దాని బయట చెక్కబల్ల మీద టెర్మినల్ పెట్టి, వ్యాన్‌లోని రేడియో మీదుగా ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు డేటా పంపారు. ఇంటర్నెట్‌కు దారితీసిన తొలి పరీక్షల్లో అదొకటి. మనం వెళ్ళినా తినేది ఫ్రెంచ్ ఫ్రైసే అనుకోండి, అయినా ఆ బల్ల దగ్గర కూర్చుంటే అదో తృప్తి.

ఇక అసలు విషయం. శాన్ ఆండ్రియాస్ పగులు ఈ ఊరి మధ్య నుంచే పోతుంది. పాత టౌన్ సెంటర్ నడిచిన బడి భవనాలు ఆ పగులు మీదే ఉన్నాయని తేలాక వాటిని తీసేసి, ఆ కలపనే వాడుకుని పక్కకు జరిపి కొత్తది కట్టారు, 2008లో తెరిచారు. టౌనే తన ఆఫీసును జరుపుకున్నప్పుడు మీరు మీ ఇల్లెక్కడుందో చూసుకోవద్దా? కాలిఫోర్నియా 1972 చట్టం ప్రకారం పగులు మండలంలో ఇల్లుంటే అమ్మేవాళ్ళు ఆ సంగతి చెప్పి తీరాలి. ఇక్కడ టౌన్‌కు సొంత జియాలజీ మ్యాపులు ఉన్నాయి, జారే వాలులు కూడా వాటిలో కనిపిస్తాయి. ఖాళీ స్థలం చవగ్గా కనిపిస్తే ముందు ఆ మ్యాపు తీయండి, చవక ఎందుకో అక్కడే ఉంటుంది.

ఊరి బడులు రెండు, చిన్నవాళ్ళకు ఆర్మండేల్, పెద్దవాళ్ళకు కోర్టె మదేరా. హైస్కూలు మళ్ళీ వుడ్‌సైడ్ హై. కొండ మీది ఇళ్ళకు రోడ్డు ఒక్కటే ఉంటుంది, మంటలప్పుడు అందరూ దాని మీదికే రావాలి.

లాస్ ఆల్టోస్ హిల్స్

నాలుగింటిలో తెలుగువాళ్ళు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. కారణం గుర్రం కాదు, బడి. ఊళ్ళో కొంత భాగం పాలో ఆల్టో స్కూలు జిల్లాలోకి వస్తుంది, ఆ పిల్లలు గన్ హైస్కూలుకు వెళ్తారు. మిగతావాళ్ళు లాస్ ఆల్టోస్ వైపు బడులకు. జిల్లా గీత రోడ్డు మధ్య నుంచి పోతుంది. ఎదురింటి పిల్లవాడు వేరే జిల్లా కావచ్చు, ఇంటి ధరలోనూ ఆ తేడా తెలుస్తుంది.

ఈ ఊళ్ళో కొత్త స్థలమంటే కనీసం ఎకరం. దుకాణాలకు జోన్ లేదు, పాల ప్యాకెట్టుకు కూడా కిందికి దిగాలి. రోడ్ల పక్కన సిమెంటు సైడ్‌వాక్‌లు లేవు, వాటి బదులు మట్టిబాటలు, అన్నీ కలిపి 80 మైళ్ళకు పైగా. నడిచేవాళ్ళకూ గుర్రాలకూ కలిపే. బర్న్ ప్రిజర్వ్ పక్కన వెస్ట్‌విండ్ అని టౌన్ సొంత లాయం ఉంది. ఇంట్లో గుర్రం పెట్టుకోకుండానే అక్కడ ఉంచి, అక్కడే నేర్పించుకోవచ్చు. ఇటు హిడెన్ విల్లా ఫారం, అటు రాంచో శాన్ ఆంటోనియో పార్కు. వీకెండ్ పొద్దున రాంచోలో పార్కింగ్ దొరకాలంటే సుప్రభాతం వేళకు బయలుదేరాలి.

కొనేవాళ్ళు ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. ఇక్కడ బాటలు చాలావరకు ప్రైవేటు స్థలాల అంచుల మీదుగానే వెళ్తాయి. ఎవరైనా పెద్దగా కట్టుకోబోతే టౌన్ బాటకు దారి వదలమంటుంది. మా స్నేహితుడొకడు ఇల్లు కొన్న వారానికి, లుంగీతో పెరట్లో కాఫీ తాగుతుంటే కంచె అవతల గుర్రం మీద ఒక పెద్దావిడ వెళ్తూ గుడ్ మార్నింగ్ అందట. "నా స్థలంలోంచి వెళ్తోందేంట్రా!" అని నాకు ఫోన్. టైటిల్ రిపోర్టులో ఈజ్‌మెంట్ (ఇతరులకు దారి హక్కు) అని రాసే ఉంది, చదవలేదు. ఇప్పుడు ఆవిడ కోసం ఒక క్యారెట్ పెట్టుకుని కూర్చుంటున్నాడు.

రెండో చిక్కు లెక్కల్లో ఉంది. ఎంత కట్టొచ్చు, ఎంత నేల కప్పొచ్చు అన్నది ఎకరాల్ని బట్టి మాత్రమే కాదు, వాలును బట్టి కూడా తగ్గుతుంది. ఇల్లు, డ్రైవ్‌వే, ఈతకొలను అన్నీ ఆ కోటాలోవే. పాత యజమాని కోటా మొత్తం వాడేసి ఉంటే మీరు లాయం ఎక్కడ కడతారు? ఎస్క్రోలో, అంటే బేరం కుదిరి కాగితాల దశలో, పడకముందే టౌన్ హాల్ కౌంటర్‌కు వెళ్ళి మిగిలింది ఎంతో అడగండి. ధర సంగతి చెప్పాలంటే, మంచి ఇల్లు నాలుగైదు మిలియన్ల పైమాటే. దాని మీద ఏటా ఆస్తి పన్ను సుమారు ఒకటీ పావు శాతం లోపు. నెలకు ఎంతవుతుందో లెక్కేసి చూసుకుని, అప్పుడు గుర్రం పేరు ఎత్తండి.

శాన్ మార్టిన్

మోర్గన్ హిల్, గిల్‌రాయ్ మధ్య 101 హైవే పక్కన ఉన్న పల్లె. నాపా ద్రాక్షతోటల అందాలు ఆశించకండి. చదును పొలాలు, రేకుల కొట్టాలు, ట్రాక్టర్లు, గాల్లో గిల్‌రాయ్ వెల్లుల్లి వాసన. మన ఊళ్ళ వాసన తెలిసినవాళ్ళకు ఇక్కడ మనసు త్వరగా కుదురుతుంది. గుంటూరు దగ్గర పల్లెలో పెరిగిన మా మావయ్య మిగతా మూడు ఊళ్ళనూ "డబ్బున్న అడవి" అని కొట్టిపారేశారు. ఇక్కడ మాత్రం కారు దిగి మట్టి చేతిలోకి తీసుకుని చూశారు.

ధర పై మూడింటిలో సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ. అంత డబ్బుకు ఎకరాల చదును వస్తుంది, అరీనా (స్వారీ మైదానం) కట్టుకోవచ్చు, నాలుగు గుర్రాలు పెట్టుకోవచ్చు. బాట మాత్రం గేటు ముందు ఉండదు. కొండల్లో కోయోటి లేక్ హార్వే బేర్ రాంచ్ కౌంటీ పార్కుకు ట్రైలర్ కట్టుకుని వెళ్ళాలి. దగ్గరే, కానీ ట్రైలర్ కట్టడం, విప్పడం కలిపితే గంట పని. రోజూ సాయంత్రం అరగంట తిరిగొద్దాం అనుకునేవాళ్ళకు అది కుదరదు.

నీళ్ళ సంగతి తెలియకుండా ఇక్కడ అడుగు పెట్టొద్దు. మోర్గన్ హిల్‌లో ఒకప్పుడు రోడ్డు ఫ్లేర్లు చేసిన ఫ్యాక్టరీ నుంచి పర్‌క్లోరేట్ అనే రసాయనం భూగర్భ జలాల్లోకి దిగింది. 2003లో అది శాన్ మార్టిన్ మీదుగా దక్షిణానికి పాకిందని బయటపడి, వందల ఇళ్ళకు సీసా నీళ్ళు పంపాల్సి వచ్చింది. తర్వాత శుద్ధి చేశారు, పరిస్థితి చాలా మెరుగైంది. అయినా బోరు ఉన్న ఇల్లు కొనేటప్పుడు పర్‌క్లోరేట్‌కీ, పొలాల వల్ల వచ్చే నైట్రేట్‌కీ ల్యాబు పరీక్ష చేయించాల్సిందే. బోరు ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో సెప్టెంబర్‌లో కొలిపించండి, మార్చిలో ఏ బోరైనా బాగానే పోస్తుంది.

ఆఫీసు సన్నీవేల్లో అయితే ఒకవైపే 30 మైళ్ళకు పైగా. 101 మీద పొద్దున అది మైళ్ళలో లెక్క కాదు. క్యాల్‌ట్రెయిన్ స్టేషన్ ఊళ్ళోనే ఉంది, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున కొన్ని రైళ్ళు, సాయంత్రం కొన్ని, అంతే. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు ఆలోచించవచ్చు.

మీ పరిస్థితిని బట్టి

పిల్లకు పోటీల స్థాయిలో నేర్పించాలి, డబ్బుకు లోటు లేదు అంటే వుడ్‌సైడ్. చుట్టూ కోచ్‌లు, డాక్టర్లు, అరీనాలు ఉన్నాయి. అమ్మానాన్నలకు అరవై దాటి, రోజూ నడకే ప్రాణమైతే పోర్టోలా వ్యాలీ, పగులుకు దూరంగా. కానీ వాళ్ళు కారు నడపకపోతే ఈ మూడు కొండ ఊళ్ళలోనూ బందీలే అవుతారు. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన మా అత్తగారు రెండు వారాలకే సన్నీవేల్ గుడి పక్క అపార్ట్‌మెంటు బాగుందన్నారు. బడి కోసం వెళ్ళేవాళ్ళకు గుర్రం అదనపు బోనస్ అనుకుంటే లాస్ ఆల్టోస్ హిల్స్. ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచి పనిచేస్తూ, సొంత చేతులతో మట్టి పని ఇష్టపడే జంటకు శాన్ మార్టిన్.

ఇవేవీ తేలకపోతే ఇల్లు కొనకండి, గుర్రాన్ని వేరేవాళ్ళ లాయంలో డబ్బు కట్టి ఉంచండి, దాన్నే బోర్డింగ్ అంటారు. ఇంకా నయం, హాఫ్ లీజ్. ఎవరిదో గుర్రం, వారానికి మూడు రోజులు మీది, ఖర్చులో సగం మీది. మేం చేస్తున్నది అదే. మా అమ్మాయి గుర్రం ఇరవై ఏళ్ళ ముసలి ఆడగుర్రం, పేరు పలికితే చెవులు వెనక్కి పెడుతుంది. మొదటి నెలలోనే పాయిజన్ ఓక్ గుణపాఠం అయింది. మూడాకుల పొదలోంచి గుర్రం నడిస్తే ఆ నూనె దాని వెంట్రుకలకు అంటుతుంది, మనం ప్రేమగా మెడ నిమిరితే మన చేతులకు. గుర్రానికి ఏమీ కాలేదు. మా ఆవిడ వారం రోజులు గోక్కుంది. బాట మీద గుర్రం ఎదురైతే పల్లం వైపు తప్పుకుని నిలబడి, ఎక్కినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలని కూడా అప్పుడే తెలిసింది. గొంతు వినిపిస్తే మనం పులి కాదు, మనిషేనని గుర్రానికి అర్థమవుతుందట.

శాన్ మార్టిన్‌లో ఒక ఐదెకరాలు మనసులో పడ్డాయి, దాచను. జూన్‌లో చూశాం, అద్దంలా ఉంది. పక్క పొలం పెద్దాయన కంచె మీద చెయ్యేసి, "జనవరిలో రండి, పెద్ద వాన పడ్డ మర్నాడు" అన్నాడు. గేటు దగ్గర నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో తన బూటు మీద వేలితో గీత గీసి చూపించాడు. గీత మోకాలికి నాలుగు వేళ్ళు కింద ఉంది. రబ్బరు బూట్లు కొన్నాం, వాన కోసం చూస్తున్నాం.